ఒకే గది, ఒక్కొక్కరికి ఒక్కో వేడి

డెన్మార్క్ ఇంజినీరు ఓలె ఫాంగర్ 1970లో అచ్చువేసిన పుస్తకంతో గది సౌకర్యానికి ఒక లెక్క వచ్చింది. గాలి ఉష్ణోగ్రత, తేమ, గాలి కదలిక, గోడలూ కప్పూ వెలువరించే వేడి, ఒంటిమీది బట్టలు, చేస్తున్న పని. ఈ ఆరూ తెలిస్తే ఆ గదిలో నూటికి ఎంతమంది ఇబ్బంది పడతారో ముందే చెప్పొచ్చన్నాడు ఆయన. ఆ లెక్కను గీతగా గీస్తే మరీ చలి దగ్గరా మరీ వేడి దగ్గరా పైకి లేస్తుంది, మధ్యలో కిందికి దిగుతుంది. ఎంత దిగినా 5 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆరూ చక్కగా కుదిరిన గది కూడా వందమందిలో ఐదుగురికి నచ్చదని ఆ లెక్క కట్టినవాడే ఒప్పుకున్నాడు.

ఇవాళ ప్రపంచంలోని పెద్ద ఆఫీసుల్లో ఏసీల రూపకల్పన చాలావరకు ఈ లెక్క మీదే నడుస్తోంది. అమెరికాలోని ఏసీ, హీటింగ్ ఇంజినీర్ల సంఘం ‘ఆష్రే’ తన 55వ ప్రమాణంలో ఉష్ణ సౌకర్యాన్ని ఒక మనస్థితిగా నిర్వచించింది. చుట్టూ ఉన్న వేడిమి మీద తృప్తి చెందిన మనసు అని దాని భావం. నిర్వచనంలో మనసు ఉంది కానీ, లెక్కలోకొచ్చేసరికి ఆ మనసు గలవాడు ఎలాంటివాడు, కొంతకాలంగా అతని బతుకు ఎలా సాగుతోంది అన్న ప్రశ్నకు చోటు లేదు.

ఆ లోటు ఎంత పెద్దదో తేలడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. వేర్వేరు దేశాల్లోని భవనాల్లో ఉండేవాళ్లను అడిగి సేకరించిన లక్షకు పైగా సమాధానాలతో ఆష్రే 2018 నాటికి ఒక భాండాగారం తయారుచేయించింది. టోబీ చెంగ్, స్టెఫానో స్కియావోన్ బృందం 2019లో ఆ సమాధానాలను ఫాంగర్ లెక్కతో సరిచూసింది. ఒక మనిషి తనకు ఎలా ఉందని చెప్పాడో లెక్క సరిగ్గా పట్టుకున్నది మూడింట ఒక్కసారే, 34 శాతం. గుంపు సగటుకు పనికొచ్చే సూత్రం ఆ గుంపులోని ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి తడబడుతోంది.

తేడాలో కొంత భాగం ఒంటిదే. 2015లో ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు, కింగ్మా, వాన్ మార్కెన్ లిక్టెన్‌బెల్ట్, ఒక పాత పొరపాటును బయటపెట్టారు. లెక్కలో వాడుతున్న శరీర వేడి విలువ 40 ఏళ్ల, 70 కిలోల మగవాడిది. ఆడవాళ్ల శరీరం పుట్టించే వేడిని అది 35 శాతం దాకా ఎక్కువ చేసి చూపగలదు. ఏసీ హాల్లో అమ్మాయిలు చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని కూర్చోవడానికి ఈ అంకె కొంత కారణం. 2019లో బెర్లిన్‌లో 543 మంది విద్యార్థులను 16 నుంచి 33 డిగ్రీల మధ్య వేర్వేరు వేడిలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టినప్పుడు, వేడి పెరిగేకొద్దీ లెక్కల్లోనూ మాటల కూర్పులోనూ అమ్మాయిలు మెరుగయ్యారు. అబ్బాయిలు తగ్గారు కానీ, అమ్మాయిలు పెరిగినంతగా తగ్గలేదు.

వయసు, లింగం, బరువు అన్నీ కలిపినా తేడా మొత్తం తేలదు. ఒకే వయసు, ఒకే ఒడ్డూపొడుగూ ఉన్న ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్క సీట్లలో కూర్చుని రెండు రకాలుగా బాధపడగలరు. ఇక్కడే మనస్తత్వవేత్తల పని మొదలవుతుంది. బహిర్ముఖత, ఆందోళన స్వభావం, కొత్తదనం పట్ల మక్కువ, పద్ధతి, సర్దుబాటు గుణం అనే ఐదు కొలతల్లో వాళ్లు మనిషి స్వభావాన్ని చూస్తారు. ఈ ఐదూ గదితో ఎలా తగులుకుంటాయన్న ప్రశ్నకు వేడి కన్నా చప్పుడు దగ్గర గట్టి ఆధారాలు దొరికాయి.

రస్సెల్ గీన్ 1984లో చేసిన ప్రయోగం ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా అందమైనది. అంతర్ముఖులకూ బహిర్ముఖులకూ ఒక జ్ఞాపకశక్తి పని ఇచ్చి, చెవిలో పడే చప్పుడు ఎంత ఉండాలో వాళ్లనే ఎంచుకోమన్నాడు. బహిర్ముఖులు ఎక్కువ చప్పుడు పెట్టుకున్నారు, అంతర్ముఖులు తగ్గించుకున్నారు. ఎవరు ఎంచుకున్న స్థాయిలో వాళ్లు పనిచేసినప్పుడు ఇద్దరి గుండె వేగమూ దాదాపు ఒక్కటే, పనితీరూ దాదాపు ఒక్కటే. ఒకరి స్థాయిని ఇంకొకరికి తగిలించినప్పుడు ఇద్దరూ దెబ్బతిన్నారు. గోలలో పడ్డ అంతర్ముఖుడి సంగతి అందరూ ఊహించేదే. నిశ్శబ్దంలో పడ్డ బహిర్ముఖుడు కూడా వెనకబడ్డాడన్నది గమనించాల్సిన విషయం. రేడియో పెట్టుకుంటే తప్ప చదువు ఎక్కదనే పిల్లవాడిని కసిరే ముందు తల్లిదండ్రులు ఈ ఫలితాన్ని ఒకసారి తలుచుకోవచ్చు.

దానికి ఆరేళ్ల ముందు, 1978లో, నీల్ వైన్‌స్టీన్ అమెరికాలో ఒక కాలేజీ హాస్టల్ విద్యార్థులను విద్యా సంవత్సరం పొడవునా పరిశీలించాడు. చప్పుడును ఎవరు ఎంత పట్టించుకుంటారో తెలుసుకోవడానికి 21 ప్రశ్నల కొలమానం తయారుచేశాడు. పరిశోధకులు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. చప్పుడు ఎక్కువగా తగిలే స్వభావం ఉన్న విద్యార్థులు చేరిన కొత్తలోనే ఎక్కువ చికాకుపడ్డారు. అలవాటైపోతుందిలే అనుకుంటాం కదా, వాళ్ల విషయంలో నెలలు గడిచేకొద్దీ చికాకు పెరిగింది. మిగతావాళ్లకు అలా కాలేదు. ఏకాంతం కావాలన్న కోరికా, నలుగురిలో బెరుకూ కూడా ఆ మొదటి గుంపులోనే ఎక్కువగా కనబడ్డాయి.

ఈ రెండు అధ్యయనాలనూ పక్కన పెట్టుకుని నేటి ఆఫీసు హాళ్లను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గోడలు తీసేస్తే మనుషులు కలిసిమెలిసి పనిచేస్తారన్న నమ్మకంతో ప్రపంచమంతటా ఆఫీసులను విశాలమైన హాళ్లుగా మార్చారు. హైదరాబాద్ మాదాపూర్, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ భవనాల్లో ఒక అంతస్తు మొత్తం ఒకే హాలుగా ఉండడం మామూలే. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ కేంద్రం ఇరవై ఏళ్లపాటు దాదాపు 900 భవనాల్లో 90,000 మందిని ప్రశ్నించింది. 2021లో ఆ ఫలితాలను సమీక్షించినప్పుడు, తమ పనిచోటు మొత్తానికి బాగానే ఉందని మూడింట రెండు వంతుల మంది చెప్పారు. కానీ మాటలకు చాటు లేదని 54 శాతం, వేడి లేదా చలి గురించి 39 శాతం, గోల గురించి 34 శాతం అసంతృప్తిగా ఉన్నారు. అంటే అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు పక్కవాడి మాట తన చెవిన పడడం, తన మాట పక్కవాడి చెవిన పడడం గురించే. జంగ్సూ కిమ్, రిచర్డ్ డి డియర్ 2013లో అదే కేంద్రం సమాచారంలోని 42,764 సమాధానాలను విడదీసి చూశారు. మాటామంతీ సులువు కావడం వల్ల కలిగిన మేలు, ఏకాంతం పోవడం వల్ల జరిగిన నష్టానికి సరిపోలేదని వాళ్లు తేల్చారు. 2018లో హార్వర్డ్ పరిశోధకులు రెండు కంపెనీలు గోడలు తీసేయక ముందూ తీసేశాకా సిబ్బంది మెడలో పరికరాలు వేసి కొలిస్తే, ముఖాముఖి మాటలు దాదాపు 70 శాతం పడిపోయాయి. హాలు తెరిచాక మనుషులు మాటలకు బదులు మెసేజ్‌లు పంపుకోవడం పెరిగింది. గోల మధ్య హుషారుగా ఉండే ఒక రకం మనిషిని అందరికీ నమూనాగా తీసుకుని కోట్లు ఖర్చుపెట్టిన పొరపాటిది.

వేడి విషయంలో ముందడుగు జర్మనీలో పడింది. కార్ల్స్‌రూయేలో మార్సెల్ ష్వైకర్, మారెన్ హావిగ్‌హోర్స్ట్, ఆండ్రియాస్ వాగ్నర్ 2016లో ఒక ప్రత్యేకమైన గుణాన్ని కొలిచారు. గది వేడిగా అనిపిస్తే దాన్ని తాను సరిచేసుకోగలనన్న నమ్మకం ఆ మనిషికి ఎంత ఉంది అన్నది వాళ్ల ప్రశ్న. కిటికీ తీయడం, తెర వేయడం, ఫ్యాన్ పెంచడం తన చేతిలో పని అనుకునేవాళ్లు అదే వేడిలో ఎక్కువ సౌకర్యంగా ఉన్నారు. గదిలోని స్విచ్చులు ఇద్దరికీ ఒకటే. వాటి దగ్గరికి లేచి వెళ్లే ధైర్యం మాత్రం ఇద్దరిలో ఒకేలా ఉండదు. నలుగురున్న గదిలో రెగ్యులేటర్ తిప్పాలంటే ముందు మిగతా ముగ్గురి ముఖాలూ చూసే మనిషి ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు.

స్వభావం గదిని మార్చడమూ ఉంది. సామ్ గోస్లింగ్ బృందం 2002లో 94 ఆఫీసు గదులనూ 83 పడకగదులనూ యజమానులు లేనప్పుడు అపరిచితులకు చూపించింది. గదిని బట్టే ఆ మనిషి ఎంత పద్ధతిగలవాడో, కొత్తదనం మీద ఎంత మక్కువ ఉన్నవాడో వాళ్లు చాలావరకు సరిగ్గా ఊహించారు. ఎంచుకునే వీలుంటే మనిషి తనకు తగ్గ గదిని అమర్చుకుంటాడు. వీలు లేనిచోటే పేచీ.

ఇక మొదట్లో వేసుకున్న ప్రశ్నలో రెండో సగం, మనిషి క్షేమం. ఉద్యోగంలో నలిగిపోతున్నవాడికి, ఇంట్లో దిగులుతో ఉన్నవాడికి అదే గది వేరేగా కనబడుతుందా?

లండన్ ప్రభుత్వోద్యోగుల మీద దశాబ్దాలుగా సాగుతున్న వైట్‌హాల్ అధ్యయనం ఇందుకు బలమైన సాక్ష్యం ఇచ్చింది. తలనొప్పి, కళ్ల మంట, గొంతు పొడిబారడం, నీరసం లాంటి లక్షణాలు ఆఫీసులో ఉన్నంతసేపూ ఉండి బయటికి రాగానే తగ్గితే దాన్ని ‘జబ్బు భవనం’ లక్షణాలు అంటున్నారు. మైకేల్ మార్మట్ బృందం 2006లో 44 భవనాల్లోని 4,052 మంది విషయంలో ఈ లక్షణాలకు కారణాలు వెతికింది. గాలి, వేడి, దుమ్ము లాంటి భౌతిక పరిస్థితుల కన్నా పని ఒత్తిడి, పైవాళ్ల నుంచీ తోటివాళ్ల నుంచీ ఆసరా లేకపోవడం ఆ లక్షణాలతో ఎక్కువగా ముడిపడి ఉన్నాయి. జబ్బు భవనానిది అనుకున్న చోట కొంత పెత్తనానిదని తేలింది.

కారణం ఎటునుంచి ఎటు పోతుందన్నది ఇక్కడ అసలు చిక్కు. దిగులుగా ఉన్నవాడికి గది బాగోదా, గది బాగోక దిగులు కలుగుతుందా? న్యూజిలాండ్‌లో లామ్, క్వాక్ 114 మంది ఆఫీసు ఉద్యోగులను ఎనిమిది నెలలపాటు మళ్లీ మళ్లీ ప్రశ్నించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వేడి, వెలుతురు, చప్పుడు చికాకు పెట్టిన రోజుల్లో అదే మనిషి ఉత్సాహమూ పనీ రెండూ తగ్గాయి. మనిషిని అతనితోనే పోల్చారు కాబట్టి స్వభావం మీదికి నెట్టేయడానికి వీల్లేదు. ఆసుపత్రి నుంచి ఇంకో సాక్ష్యం ఉంది. రోజర్ ఉల్రిక్ 1984లో పెన్సిల్వేనియాలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులను జతలుగా పోల్చాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికి వెళ్లారు. ఇటుక గోడ కనబడినవాళ్లకు 8.70 రోజులు పట్టింది. నొప్పికి గట్టి మందులు కూడా చెట్లు చూసినవాళ్లకు తక్కువ అవసరమయ్యాయి. సంఖ్య చిన్నదే అయినా ఆసుపత్రులు కట్టేవాళ్ల ఆలోచనను ఆ ఒక్క అధ్యయనం మార్చింది.

పోలిక కూడా తృప్తిని తిప్పేస్తుంది. జర్మనీలో నార్బర్ట్ ష్వార్జ్ బృందం 1987లో కొందరిని చక్కగా అమర్చిన గదిలోనూ, కొందరిని ఇరుకైన, మురికి, ఉక్క గదిలోనూ కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు వేసింది. మంచి గదిలో ఉన్నవాళ్లు జీవితం బాగుందన్నారు కానీ, తమ ఇంటికి తక్కువ మార్కులు వేశారు. చెడ్డ గదిలో ఉన్నవాళ్లకు జీవితం అంతంతమాత్రం, ఇల్లు మాత్రం బంగారం. ఇలాంటి చిన్న ప్రయోగాలను మరీ సాగదీయకూడదు. ఎండ కాసిన రోజు మనుషులు జీవితం బాగుందంటారన్న ఇదే కోవకు చెందిన ఫలితాన్ని 2013లో పది లక్షల పైచిలుకు అమెరికన్ల సమాధానాలతో పరీక్షిస్తే ఆ ప్రభావం నిలబడలేదు. అయినా ఇంటి తృప్తిని ఇంకో గదితో పోల్చుకుని కొలుచుకుంటామన్న సంగతిని మాత్రం కొట్టిపారేయలేం. ఏసీ ఆఫీసు నుంచి పై అంతస్తు అద్దె వాటాకు తిరిగొచ్చేవాళ్లకు ఆ పోలిక రోజూ ఎదురవుతుంది.

ఈ పరిశోధనలన్నిటిలో ఒక ప్రమాదం పొంచి ఉంది. గది తృప్తి స్వభావాన్ని బట్టి, మనశ్శాంతిని బట్టి మారుతుందంటే, ఫిర్యాదు చేసినవాడి మీదికే నేరం తోసేయడం సులువవుతుంది. అతనికి ఏదీ నచ్చదులే, ఆవిడకు ఇంట్లో ఏదో గొడవ అనేసి ఏసీ డక్టు చూడ్డానికి మనిషిని పంపకుండా ఊరుకోవచ్చు. వైట్‌హాల్ ఫలితాన్ని అలా చదివితే తలకిందులుగా చదివినట్టే. చప్పుడు ఎక్కువగా తగిలే మనిషి హాలులోని గోలను అందరికన్నా ముందు పట్టుకుంటాడు. అతని మాటను తీసేస్తే మిగిలేది ఓపిక ఉన్నవాళ్ల లెక్క మాత్రమే.

ఓపిక లెక్క ఎంత మోసం చేయగలదో హైదరాబాద్ చూపించింది. మాధవి ఇంద్రగంటి 2008 వేసవి, వానాకాలాల్లో నగరంలోని ఏసీ మీద ఆధారపడని అపార్ట్‌మెంట్లలో, 45 ఫ్లాట్లలో, ఉండేవాళ్లను ప్రశ్నిస్తూ అక్కడే వేడినీ తేమనూ కొలిచారు. అప్పటి భారతీయ నియమావళి 23 నుంచి 26 డిగ్రీలనే సౌకర్యంగా లెక్కించింది. ఇళ్లలోని మనుషులకు మాత్రం 29.23 డిగ్రీలు తటస్థంగా అనిపించింది. 26 నుంచి 32.45 దాకా సర్దుకోగలిగారు. పలచని నూలు బట్టలు, ఫ్యాన్, తెరిచిన కిటికీ, నీళ్లు, మధ్యాహ్నం పని తగ్గించుకోవడం ఈ తేడాను మోశాయి. దేశమంతటికీ ఒకే విదేశీ అంకె పెట్టకూడదనడానికి ఇది మంచి ఆధారం. అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం ఐదు నగరాల్లో 16 ఆఫీసు భవనాల నుంచి 6,330 సమాధానాలు తీసుకుని తయారుచేసిన భారతీయ నమూనా కూడా ఇదే దారిలో నడిచి, 2016 జాతీయ భవన నియమావళిలోకి ఎక్కింది.

అయితే అదే హైదరాబాద్ పరిశోధనలో ఇంకో ఫలితం ఉంది. దాన్ని సంతోషంతో చదవలేం. వయసూ లింగమూ పెద్దగా తేడా చూపలేదు కానీ ఆర్థిక స్థాయి చూపింది. అందరికన్నా తక్కువ రాబడి ఉన్న కుటుంబాలకు 30.2 డిగ్రీలు తటస్థంగా ఉన్నాయి. 33.1 డిగ్రీల దాకా వాళ్లు సౌకర్యంగానే లెక్కపెట్టుకున్నారు. అద్దెకున్నవాళ్ల కన్నా సొంతింటివాళ్లు వేడిని కొంచెం ఎక్కువగా ఒప్పుకున్నారు. ఇల్లు తమదైనప్పుడు గోడ వేడి కూడా తమదే అనిపిస్తుందేమో. పేదవాడి 33 డిగ్రీలను మాత్రం స్వభావం కిందా తృప్తి కిందా రాయలేం. చాలాకాలం లేమిలో బతికినవాళ్లు తమ కోరికలనే కుదించుకుంటారని, అందువల్ల తృప్తిని క్షేమానికి కొలతగా తీసుకుంటే అన్యాయం దాగిపోతుందని అమర్త్య సేన్ హెచ్చరించింది సరిగ్గా ఇలాంటి సందర్భం గురించే. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ, 600 చదరపు గజాలూ అంతకు పైబడిన స్థలాల్లోని ఇళ్లకూ చల్లని కప్పు తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లకు అది ఐచ్ఛికం. వేడిని ఫిర్యాదు లేకుండా మోసేవాళ్లు ఎక్కువగా ఉండేది ఆ చిన్న ఇళ్లలోనే.

నమ్మకాలు కూడా ఓపికను పెంచుతాయి. బ్రిటన్‌లో ఏడ్రియన్ లీమన్, బిల్ బోర్డాస్ భవనాలను పరిశీలిస్తూ, ఇష్టపడ్డ భవనంలో చిన్న లోపాలను జనం క్షమించేస్తారని గమనించి దాన్ని అంకెగా కొలిచారు. సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయ భవనాల్లో మాక్స్ డ్యూబుల్, డి డియర్ 2012లో చూసినదీ అదే. పర్యావరణం మీద పట్టింపు ఉన్నవాళ్లు గ్రీన్ భవనంలోని వేడిని ఎక్కువగా సహించారు.

ఇన్ని తేడాలున్న మనుషులను ఒకే గదిలో ఎలా ఉంచాలన్న ప్రశ్నకు పనికొచ్చే జవాబు 1972లోనే వచ్చింది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ కొందరికి చెవులు చిల్లులు పడే చప్పుడు వినిపించారు. సగం మందికి ఒక బటన్ చూపించి, నొక్కితే చప్పుడు ఆగుతుంది కానీ నొక్కకపోతే మంచిదన్నారు. నొక్కినవాళ్లు దాదాపు లేరు. అయినా ఆ తర్వాత ఇచ్చిన పనుల్లో బటన్ ఉన్నవాళ్లు ఎక్కువసేపు నిలబడ్డారు, తప్పులు తక్కువ చేశారు. ఆపగలనన్న ఎరుకే చప్పుడు భారాన్ని తగ్గించింది. కార్ల్స్‌రూయేలో కనబడిన నమ్మకానికి ఇది పుట్టినిల్లు. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన నడుస్తోంది. అది మంచి నిబంధన, ఎందుకంటే మొదలయ్యే చోటు మాత్రమే చెప్పి రిమోట్ మన చేతిలోనే ఉంచింది. సెంట్రల్ ఏసీ హాల్లో కూర్చున్నవాడికి ఆ రిమోట్ లేదు.

బర్కిలీలో జాయ్స్ కిమ్, స్కియావోన్, గేల్ బ్రాగర్ 2018లో 38 మందికి వేడినీ చల్లదనాన్నీ ఇచ్చే కుర్చీలు ఇచ్చారు. ఎవరు ఎప్పుడు ఏది వేసుకున్నారో చూసి ఒక్కొక్కరికి ఒక్కో నమూనా తయారుచేశారు. ఎవరికి ఏం కావాలో ఊహించడంలో పాత సూత్రాల కచ్చితత్వం 0.51 అయితే ఈ నమూనాలది 0.73. మనిషి స్వభావాన్ని ప్రశ్నలతో కూపీ లాగక్కర్లేకుండా అతని చేతే చెప్పించే పద్ధతి ఇది.

తెలుగు రాష్ట్రాల్లో మనిషిని బట్టి గదిని అమర్చే ఈ ఆలోచనను ముందుగా ప్రయత్నించాల్సింది సాఫ్ట్‌వేర్ హాళ్లలో కాదు, రెసిడెన్షియల్ కాలేజీల్లోనూ సంక్షేమ హాస్టళ్లలోనూ. ఈఏపీసెట్, నీట్, జేఈఈల కోసం పదహారేళ్ల పిల్లలు రోజుకు చాలా గంటలు ఒకే స్టడీ హాల్లో కూర్చుంటారు, వరస మంచాల గదుల్లో పడుకుంటారు. ఫ్యాన్ రెగ్యులేటర్ ఎవరి మంచం దగ్గరుందో వాడిదే రాజ్యం. చేరిన మొదటి వారంలో వైన్‌స్టీన్ ప్రశ్నల్లాంటివి తెలుగులో ఒక కాగితం మీద ఇవ్వడానికి ఖర్చేమీ కాదు. చప్పుడు తగిలే పిల్లలను మెట్లకూ బాత్‌రూములకూ దూరంగా ఉన్న గదుల్లో ఉంచొచ్చు. గొంతెత్తి చదివే పిల్లలకు వేరే హాలు ఇవ్వొచ్చు. రెండు మంచాలకొక స్విచ్ బోర్డు పెట్టొచ్చు. రెండో నెలలో అదే కాగితం మళ్లీ ఇస్తే, చికాకు పెరుగుతున్న పిల్లలెవరో వార్డెన్‌కు పేర్లతో సహా తెలుస్తుంది.